ఫాస్టింగ్ 172, మూడు నెలల షుగర్ 5.2. రెండిట్లో ఏది తప్పు?

రాయగడ అబ్బాయి, రాత్రి 11:48
అందరికీ నమస్కారం. సాయంత్రం ఆరింటి నుంచి ఫోన్ పట్టుకుని దీని గురించే చదువుతున్నాను, తల పగిలిపోతోంది. మా నాన్నగారికి 58 ఏళ్ళు. మొన్న పరగడుపున షుగర్ 172, తిన్న రెండు గంటలకి 268 వచ్చింది. డాక్టరుగారు మూడు నెలల షుగర్ కూడా చేయించమన్నారు. అదేమో 5.2! కింద సగటు షుగర్ 103 అని, పక్కన 'నాన్ డయాబెటిక్' అని అచ్చు వేసి మరీ ఇచ్చారు. ఒకే రోజు, ఒకే ల్యాబు. ఫోన్ చేసి అడిగితే 'మెషీన్ ఏమిస్తే అదే ఇస్తాం' అన్నారు.
నాన్న ఆ 5.2 కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతున్నారు. నిన్న పావుకిలో ఛెనాపోడ స్వీటు తెచ్చుకుని మా ముందే తిన్నారు. అమ్మ ఒకటే ఏడుపు. డాక్టరుగారు మాత్రలు రాశారు. మెడికల్ షాపులో పనిచేసే మా మామయ్యేమో 'మూడు నెలలది ఉండగా ఒక్క రోజుది ఎవడు చూస్తాడు, మాత్రలు వద్దు' అంటున్నాడు. మిగతా పరీక్షలన్నీ నార్మలే. ఏది నమ్మాలో ఎవరైనా చెప్పండి ప్లీజ్.

చోడంబలి, రాత్రి 11:59
తమ్ముడూ, ముందు ఇంట్లో తెల్లన్నం మానేయండి. మన తాతలు చోడంబలి (రాగి అంబలి) తాగి కొండలెక్కారు. పక్క ఊళ్ళో ఒడియావాళ్ళు ఇప్పటికీ పొద్దున్నే మండియా జావు తాగే పనికి వెళ్తారు. ఈ పరీక్షలన్నీ డబ్బులు గుంజడానికే. నేను రెండేళ్ళుగా చోళ్ళే తింటున్నాను, ఒక్క పరీక్ష చేయించుకోలేదు.

పర్లాకిమిడి ల్యాబ్, రాత్రి 12:04
హిమోగ్లోబిన్ ఎంత?

రాయగడ అబ్బాయి, రాత్రి 12:06
చెప్పాను కదండీ, 5.2.

పర్లాకిమిడి ల్యాబ్, రాత్రి 12:07
అది హెచ్‌బీఏ1సీ, అంటే మీ మూడు నెలల షుగర్. హిమోగ్లోబిన్ వేరు. సీబీసీ (రక్తకణాల పరీక్ష) కాగితం మొదటి వరుస చూడండి.

బరంపురం విశ్రాంత ఉద్యోగి, రాత్రి 12:31
నిద్ర పట్టక చూస్తున్నాను. అబ్బాయీ, అసలు రక్తం ఏ గొట్టంలో తీశారో చూశావా? ఎవరూ చూడరు, అదే మన ఖర్మ. షుగర్‌కి బూడిదరంగు మూత గొట్టం వాడాలి, అందులో సోడియం ఫ్లోరైడ్ ఉంటుంది. అది లేకపోతే గొట్టంలో ఉన్న కణాలే చక్కెరని తినేస్తుంటాయి. గంటకి 5 నుంచి 7 శాతం దాకా పడిపోతుంది. మన ఊళ్ళల్లో కలెక్షన్ సెంటరని బోర్డు పెట్టి, పొద్దున్న ఏడింటికి తీసిన రక్తాన్ని మధ్యాహ్నం రైలుకి విశాఖ పంపిస్తారు. ఎండాకాలం, పెట్టెలో ఐసు ఉందో లేదో దేవుడికే తెలియాలి. మూడు నెలలదానికి ఊదారంగు మూత గొట్టం. ఒక గొట్టంలో తీసి ఇంకో గొట్టంలో పోసేవాళ్ళని నా కళ్ళతో చూశాను. అడిగితే కసురుకుంటారు. ఈ విషయం మీద నేను రెండుసార్లు ఉత్తరాలు రాశాను, జవాబు లేదు.

రాయగడ అబ్బాయి, రాత్రి 12:40
సార్, మీరు చెప్పినట్టు గొట్టంలో షుగర్ తగ్గుతుందంటే నాన్నది 172 కన్నా ఎక్కువ ఉండాలి కదా? నా సందేహం ఇంకా పెరిగింది.

బరంపురం విశ్రాంత ఉద్యోగి, రాత్రి 12:44
అదే నేను చెప్పేది. కాగితాన్ని గుడ్డిగా నమ్మకూడదు.

గుణుపురం మాస్టారు, ఉదయం 6:15
'మూడు నెలల షుగర్' అన్న మాటతోనే సగం గొడవ. అది మూడు నెలలకీ సమానమైన సరాసరి కూడా కాదు. ఆ అంకెలో దాదాపు సగం గడిచిన నెల రోజులదే, మిగతా సగం అంతకు ముందు నెలలది. వారం పథ్యం చేస్తే మూడు నెలల పాపం కడుక్కుపోదు, అలాగని మూడు నెలలూ సమానమూ కాదు. మనం 'గ్లైకేటెడ్ హిమోగ్లోబిన్' అనడం అలవాటు చేసుకుంటే నిన్న రాత్రి జరిగిన తికమక జరిగేదే కాదు.
ఇంకొకటి. 'పరగడుపున' అన్నారు. పరగడుపు అంటే 8 గంటలు మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టకపోవడం. నాన్నగారు టీ తాగారా?

రాయగడ అబ్బాయి, ఉదయం 7:02
పంచదార లేని టీయే మాస్టారూ. ఒక అరగ్లాసు.

గుణుపురం మాస్టారు, ఉదయం 7:05
పాలు పోసిందేగా? మరి అది పరగడుపు ఎలా అయింది నాయనా?

చోడంబలి, ఉదయం 7:20
టీ మానేయమని ఎప్పటినుంచో మొత్తుకుంటున్నాను.

పర్లాకిమిడి ల్యాబ్, ఉదయం 7:31
అరగ్లాసు టీతో 172 రాదు. 126 దాటితే షుగరు, తిన్నాక 200 దాటితే షుగరు. రెండూ దాటాయి. టీ సంగతి వదిలేయండి. హిమోగ్లోబిన్ ఎంత అని రాత్రి అడిగాను.

రాయగడ అబ్బాయి, ఉదయం 7:48
9.8 ఉందండి. పక్కన కిందికి బాణం గుర్తు. అది కొంచెం తక్కువే గానీ షుగర్‌కి సంబంధం లేదు కదా అని రాయలేదు. ఇంకా ఎంసీహెచ్‌సీ, ఈఎస్‌ఆర్, విటమిన్ డీ దగ్గర కూడా బాణాలున్నాయి. ప్యాకేజీలో అందరికీ అలాగే వస్తాయని చెప్పారు.

గుణుపురం మాస్టారు, ఉదయం 8:10
అదేమీ పూర్తిగా అబద్ధం కాదు. ఆ నార్మల్ అని రాసే గడిని 'రిఫరెన్స్' అనాలి. ఆరోగ్యంగా ఉన్న వందమందిని తీసుకుని, అందులో 95 మందికి వచ్చే అంకెల మధ్య గీతలు గీస్తారు. అంటే ఏ రోగమూ లేని మనిషికి కూడా ఒక్కో పరీక్షలో ఇరవైకి ఒక వంతు బయట పడే అవకాశం ఉంది. అరవై పరీక్షల ప్యాకేజీ చేయించుకుంటే ఒక్క బాణమైనా లేకుండా బయటపడడమే వింత.

పర్లాకిమిడి ల్యాబ్, ఉదయం 8:14
9.8 ఆ ఇరవైలో ఒకటి కాదు మాస్టారూ. మగమనిషికి 13 ఉండాలి.
అబ్బాయ్, రక్తం ఏమైనా పోయిందా? ఈమధ్య ఎక్కించారా?

కొరాపుట్ అన్న, ఉదయం 9:26
ఎవరూ అసలు విషయం మాట్లాడడం లేదు. మన ప్రాంతంలో సికిల్ సెల్ (తల్లిదండ్రుల నుంచి వచ్చే ఎర్ర కణాల జబ్బు) ఎంతమందికి ఉందో తెలుసా? ట్రైబల్స్‌కే వస్తుందని మనవాళ్ళ అపోహ. మా చుట్టాల పెళ్ళిలో ఇద్దరికీ ట్రైట్, అంటే ఆ జన్యువు ఉందని పిల్ల పుట్టాక తెలిసింది. సికిల్ ఉంటే ఎర్ర కణాలు తొందరగా చచ్చిపోతాయి, హెచ్‌బీఏ1సీ తప్పుగా తక్కువ వస్తుంది. కేంద్రం 2023 జులై 1న సికిల్ సెల్ మిషన్ మొదలుపెట్టింది, కానీ పరీక్షలు 40 ఏళ్ళ లోపువాళ్ళకే. 58 ఏళ్ళ మీ నాన్నగారిని ఎవరు పరీక్షించారు? ఎవరూ చేయలేదు. రేపే జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్ళి చేయించు. కొరాపుట్ మెడికల్ కాలేజీ అయితే ఇంకా మంచిది.

రాయగడ అబ్బాయి, ఉదయం 9:40
సికిల్ సెల్లా? ఇప్పుడు ఇంకో కొత్త టెన్షన్ పెట్టారన్నా. మా అక్క కొడుక్కి స్కూల్లో పరీక్ష చేసి కార్డు ఇచ్చారు, దానిమీద ఏదో రాసుంది గానీ మేము పట్టించుకోలేదు.

కొరాపుట్ అన్న, ఉదయం 9:43
ఏం రాసుందో ఫొటో తీసి పెట్టు. చూశారా, నేను చెప్పలే!

పర్లాకిమిడి ల్యాబ్, ఉదయం 9:50
పిల్లాడి కార్డు ఫొటో ఇక్కడ పెట్టొద్దు. నేను అడిగిన రెండు ప్రశ్నలకి జవాబు చెప్పు.

రాయగడ అబ్బాయి, మధ్యాహ్నం 1:17
సారీ సార్, డ్యూటీలో ఉన్నాను. నాన్నకి మొలల వల్ల చాలా నెలలు రక్తం పోయింది, మాకు చెప్పలేదు. సంక్రాంతి తరవాత కళ్ళు తిరిగి పడిపోతే చూపించాం. అప్పుడు హిమోగ్లోబిన్ 6.4 ఉంది. రెండు బాటిళ్ళు రక్తం ఎక్కించి ఆపరేషన్ చేశారు. ఆరు వారాలైంది. ఇప్పుడు ఐరన్ మాత్రలు వేసుకుంటున్నారు. మొలలకీ షుగర్‌కీ ఏం సంబంధం అని రాయలేదు.

పర్లాకిమిడి ల్యాబ్, మధ్యాహ్నం 1:58
ఇది మొదటి వరుసలో రాయాల్సిన మాట. రాత్రి నుంచి అందరం టీ గ్లాసు చుట్టూ తిరిగాం.
ఎర్ర కణం సుమారు 120 రోజులు బతుకుతుంది. ఒంట్లో షుగర్ ఎంత ఉంటే అంత, రోజూ కొంచెం కొంచెంగా దానికి అంటుకుంటుంది. పొయ్యిమీద కుండకి మసి పట్టినట్టు. ఆ మసి చూసి ఎన్నాళ్ళు ఎంత మంట పెట్టారో లెక్క కట్టడమే ఈ పరీక్ష. మీ నాన్నగారి వంటింట్లో కొన్ని కుండలు పక్కింటివాళ్ళు ఇచ్చినవి, కొన్ని ఐరన్ మాత్రలు మొదలయ్యాక కొత్తగా వచ్చినవి. పాతవి చాలావరకు రక్తంతోపాటే పోయాయి. కొత్త కుండలకి మసి ఎక్కడిది? అందుకే 5.2. మెషీన్ తప్పు లేదు, ల్యాబు తప్పూ లేదు. ఎక్కించిన రక్తం ఎవరిదో, ఆ దాత షుగర్ ఎంతో కూడా తెలియదు కాబట్టి ఆ అంకెకి అర్థమే లేదు. నమ్మాల్సింది 172, 268. మీ డాక్టరుగారు కరెక్టుగానే రాశారు.
ఒక్క మాట. ఆపరేషన్ ఒత్తిడికి కొందరికి షుగర్ తాత్కాలికంగా పెరుగుతుంది. ఆరు వారాలైనా 268 ఉందంటే దానిమీద నెట్టేయలేం. పరగడుపుది ఇంకోసారి చేయించండి, ఈసారి టీ లేకుండా. గడిచిన రెండు మూడు వారాల లెక్క కావాలంటే ఫ్రక్టోజమైన్ అనే పరీక్ష ఉంది. అది ఎర్ర కణాల మీద కాదు, రక్తంలో ప్రొటీన్ల మీద చూస్తుంది, ఎక్కించిన రక్తంతో గొడవ తక్కువ. మన ఊళ్ళల్లో చేయరు, విశాఖ పంపాలి. హెచ్‌బీఏ1సీ మళ్ళీ మూడు నాలుగు నెలల తరవాతే.

కొరాపుట్ అన్న, మధ్యాహ్నం 2:10
సరే గానీ సికిల్ పరీక్ష మాత్రం రేపే చేయించాలి.

పర్లాకిమిడి ల్యాబ్, మధ్యాహ్నం 2:12
రేపు చేస్తే దాతల రక్తం కూడా కలిసి కనిపిస్తుంది. ఎక్కించాక మూడు నెలలు ఆగాలి. కంగారు లేదు. పైగా ట్రైట్ మాత్రమే ఉంటే ఇప్పటి మెషీన్లలో చాలావాటిలో హెచ్‌బీఏ1సీ బాగానే వస్తుంది. జబ్బు ఉన్నవాళ్ళలో దాన్ని నమ్మకూడదు. అవి రెండూ ఒకటి కాదు.

కొరాపుట్ అన్న, మధ్యాహ్నం 2:15
ట్రైట్ అయితే మాత్రం జబ్బు కాదా? పిల్లలకి రాదా?

గుణుపురం మాస్టారు, మధ్యాహ్నం 2:31
ట్రైట్ అంటే వాహకుడు. రోగి కాడు. తల్లిదండ్రులిద్దరూ వాహకులైతే ఒక్కో కాన్పులో నాలుగో వంతు అవకాశం. మాటలు కలిపేస్తే పెళ్ళిళ్ళే ఆగిపోతాయి.

కొరాపుట్ అన్న, మధ్యాహ్నం 2:34
ఆగితే మంచిదే.

గుణుపురం మాస్టారు, మధ్యాహ్నం 2:36
పరీక్ష చేయించుకుని చేసుకుంటే మంచిది. ఆగడం వేరు.

రాయగడ అబ్బాయి, రాత్రి 8:20
పర్లాకిమిడి సార్, ఇంకో చిన్న సందేహం. ఇంట్లో గ్లూకోమీటరుతో చూస్తే 194 వచ్చింది. అది కూడా తప్పేనా?

పర్లాకిమిడి ల్యాబ్, రాత్రి 8:41
మీటరుకీ ల్యాబుకీ 15 శాతం దాకా తేడా ఉండొచ్చు. రక్తం తక్కువున్నవాళ్ళకి చాలా మీటర్లు కొంచెం ఎక్కువ చూపిస్తాయి. మందు పనిచేస్తుందో లేదో చూసుకోవడానికి వాడండి.

బరంపురం విశ్రాంత ఉద్యోగి, రాత్రి 9:02
స్ట్రిప్పుల డబ్బా మూత తీసి ఉంచుతారు జనం. గాలి తగిలితే అవి పాడవుతాయి. దీనిమీద వివరంగా రాస్తాను.

రాయగడ అబ్బాయి, ఐదు రోజుల తరవాత, ఉదయం 10:11
టీ లేకుండా 165. మాత్రలు మొదలుపెట్టాం. ఫ్రక్టోజమైన్‌కి విశాఖ పంపారు, రిపోర్టు ఇంకా రాలేదు. మామయ్య మాట్లాడడం మానేశాడు. నాన్న జేబులో కాగితం ఇంకా అలాగే ఉంది. థాంక్స్ అండీ అందరికీ.

చోడంబలి, ఉదయం 10:30
చోళ్ళు మొదలుపెట్టారా మరి?

మల్కాన్‌గిరి అమ్మ, ఉదయం 11:05
ఇక్కడే అడుగుతున్నాను, ఏమీ అనుకోకండి. మా పాపకి రెండు రోజులుగా జ్వరం. వైడాల్ చేసి 1:80 వచ్చింది, టైఫాయిడ్ అంటున్నారు. నిజమేనా?

పర్లాకిమిడి ల్యాబ్, ఉదయం 11:20
రెండో రోజుకి వైడాల్ ఎందుకు చేశారు? మలేరియా చూశారా?