కప్పు కొట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీ అంత జల్ది ఎట్ల కూలింది? తెలిసినోళ్లు చెప్పండి

అన్నలూ, ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్, ఫుట్‌బాల్) ఫాలో అయ్యేటోళ్లు ఉంటే కొంచెం చెప్పండి. 2022 మార్చిల గోవాలో ఫైనల్, కేరళ బ్లాస్టర్స్ మీద 88వ నిమిషంల సాహిల్ తవోరా బాక్స్ బయటి నుంచి కొట్టిన గోల్‌తో స్కోర్ సమానం చేసి, పెనాల్టీల్ల మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపితే కప్పు మనదైంది, తర్వాతి సీజన్ల కూడా టేబుల్‌ల రెండో ప్లేసు, కానీ 2023-24ల చూస్తే అందరికంటే కింద, సీజన్ మొత్తంల గెలిచింది ఒక్కటే మ్యాచ్! కోచ్ మనోలో మార్కెజ్ ఎఫ్‌సీ గోవాకి పోయిండు, జీతాలు రాక ప్లేయర్లు ఒక్కొక్కరే జారుకున్నరు, కొత్త ప్లేయర్లని తీసుకోకుండ ట్రాన్స్‌ఫర్ బ్యాన్ పడింది, ఆఖరికి 2025ల క్లబ్బే ఢిల్లీకి పోయి పేరు మార్చుకుంది, ఇదంతా తెలుసు. నా డౌటేందంటే ముందు చెడింది ఏది, పైసలా లేక కోచ్ పోవుడా?

మా తమ్ముడేమో గచ్చిబౌలి స్టేడియంకి జనం రాకనే అంటడు, నేనైతే నమ్మను. రహీం సాబ్ కోచింగ్‌ల సిటీ పోలీస్ టీమ్ 1950 నుంచి వరసగా ఐదు రోవర్స్ కప్పులు (అప్పట్ల బొంబాయిల జరిగే పెద్ద ఫుట్‌బాల్ టోర్నీ) కొట్టిన ఊరు ఇది (అది కూడా ఇప్పుడు ఎవరికి గుర్తుంది లెండి). అయినా టికెట్ల పైసలతోనే ఏ క్లబ్బూ నడవదు కదా, మరి ఐఎస్ఎల్ క్లబ్‌కి అసలు ఆదాయం ఎక్కడికెళ్లి వస్తది, కప్పు గెలిచినోళ్లకి కూడా ఎందుకు సరిపోదు? క్లబ్బుల లెక్కలు తెలిసినోళ్లు జర వివరంగా రాయండి.