రెండు జీబీ లాప్‌టాప్‌లో లినక్స్: పనికొచ్చే మాటేనా?

చెరువుగట్టు:
2016లో పదివేల లోపు ధరకే కొన్న 11.6 అంగుళాల లాప్‌టాప్ ఒకటి మా ఇంట్లో పడి ఉంది. ఇంటెల్ ఆటమ్ జడ్3735ఎఫ్ ప్రాసెసర్, 2 జీబీ ర్యామ్, 32 జీబీ నిల్వ. అందులోని విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కి కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ నిల్వ ఉండాలి కాబట్టి ఆ దారి లేదు. ఈ ఏడు డిగ్రీలో చేరిన మా తమ్ముడి కూతురికి, విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ వేసి ఇద్దామని నేనంటే, పారేయవలసిన దాన్ని పిల్లకు అంటగడుతున్నారని మా ఆవిడ అంటోంది. ఎవరి మాట సబబో చెప్పగలరు.

అచ్చుకొట్టు:
మీ ఆవిడ మాటే సబబు. నేను ఇరవై ఏళ్లుగా డీటీపీ చేస్తున్నాను. మన దగ్గర పెళ్లిపత్రికలు, కరపత్రాలు ఇప్పటికీ అను ఫాంట్లలో తయారవుతూనే ఉన్నాయి. అవి యూనికోడ్, అంటే ఏ కంప్యూటర్‌లోనైనా ఒకేలా చదవగలిగే అక్షరాల ప్రమాణం, ప్రకారం చేసినవి కావు. తెలుగు అక్షరాల ముక్కలను ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చిన ఫాంట్లు. ఆ ఫైలును లినక్స్‌లో తెరిస్తే ‘శ్రీరస్తు శుభమస్తు’ ఉండవలసిన చోట నెత్తిన చుక్కలూ గీతలూ పెట్టుకున్న ఇంగ్లీషు అక్షరాలు బారులు తీరతాయి. రేపు కాలేజీ పత్రికకు ఎవరో పంపిన వ్యాసం దిద్దమంటే ఆ అమ్మాయి ఏం చేస్తుంది? కేరళ బడుల్లో లినక్స్ నడవడం లేదా అని కొందరు అడుగుతారు. అక్కడ ఐటీ పాఠ్యపుస్తకాన్నే దానికి తగ్గట్టు రాసి, ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. ఇక్కడ ఏదైనా ఆగిపోతే చెప్పే నాథుడు ఉండడు.

రాత్రిబడి:
అను ఫాంట్ల సంగతి నిజమే కానీ, ఆ ఫాంటు లేని విండోస్‌లో తెరిచినా అదే గీతల గుంపు కనిపిస్తుంది కదండీ. యూనికోడ్‌లోకి మార్చే సాధనాలు ఉన్నాయి. మార్చాక ఒత్తులు ఒకసారి సరిచూసుకోవాలి. చెప్పేవాళ్లు లేరనడమూ సరికాదు. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ డెబియన్ అనే లినక్స్ రకం ఆధారంగా తెలుగు ఆపరేటింగ్ సిస్టమే తయారుచేసింది.

చెరువుగట్టు గారూ, సరిగ్గా ఇదే ప్రాసెసర్ ఉన్న యంత్రాన్ని నేను రెండేళ్లుగా వాడుతున్నాను. దీని అసలు తిరకాసు ఏమిటంటే, ప్రాసెసర్ 64 బిట్‌దే అయినా స్విచ్ వేయగానే దాన్ని నిద్ర లేపే యూఈఎఫ్ఐ అనే ప్రోగ్రాము చాలా మోడళ్లలో 32 బిట్‌ది. నాకు మొదటి రోజంతా ఇక్కడే గడిచిపోయింది: పెన్ డ్రైవ్ మార్చాను, లినక్స్‌ను దానిలోకి మళ్లీ రాశాను, అయినా దేని నుంచి మొదలవ్వాలో ఎంచుకునే బూట్ మెనూలో దాని పేరే కనిపించలేదు. డెబియన్ 12 నుంచి 64 బిట్ ఇన్‌స్టాలర్‌లోనే 32 బిట్ యూఈఎఫ్ఐకి కావలసిన బూట్ ఫైలు కూడా ఉంటుంది. అది పెట్టగానే లేచింది. మధ్యలో వైఫై దొరక్కపోతే ఫోన్‌ను కేబుల్‌తో కలిపి, ఫోన్ ఇంటర్నెట్‌ను లాప్‌టాప్‌కు అందించే యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. స్పీకర్ మాత్రం నాది ఇప్పటికీ మూగదే, ఇయర్‌ఫోన్‌లోనే పలుకుతుంది.

వేసిన తర్వాత ఎలా నడుస్తుందంటే, లినక్స్ తేలికే గానీ బ్రౌజర్ తేలిక కాదు. తెర మీద మెనూలు, కిటికీలు చూపే ప్రోగ్రాముల్లో ఎల్‌ఎక్స్‌క్యూటీ వంటి తేలికైనదాన్ని పెట్టి, ర్యామ్‌లోని సరుకును ర్యామ్‌లోనే కుదించి దాచే జడ్‌ర్యామ్‌ను కూడా ఆన్ చేశాక, మూడు ట్యాబ్‌ల దాకా ఓపిక పడుతుంది. వీడియో క్లాసు వింటూ పక్కన నోట్సు రాసుకుంటానంటే మొరాయిస్తుంది. నిల్వ చిప్‌ను బోర్డుకే అతికించి ఉంటారు కనుక అది పోయిననాడు మార్చుకోవడానికి వీలుండదు.

ఇంతకీ అమ్మాయి చదివేదేమిటో మీరు చెప్పలేదు. బీకామ్ అయితే లెక్కలు రాసే ట్యాలీ ప్రోగ్రాము నేర్చుకోవాలి, అది విండోస్ కోసం చేసినది. నేనైతే ఈ లాప్‌టాప్ ఇవ్వను. కంప్యూటర్స్ అయితే సీ, పైథాన్ వంటి ప్రోగ్రామింగ్ భాషల అభ్యాసానికి ఇది ధారాళంగా సరిపోతుంది.

అచ్చుకొట్టు:
ట్యాలీ మాట మీ నోటే వచ్చింది, సంతోషం. ఆఫీసులు వదిలించుకున్న పాత లాప్‌టాప్ ఒకటి కొంటే ర్యామ్ పెంచుకోవచ్చు, డిస్కు మార్చుకోవచ్చు. లినక్స్ మీద అంత మోజుంటే దాని మీదే వేసుకోండి, నేను అడ్డు చెప్పను.

రాత్రిబడి:
కొనగలిగితే అదే మేలు, అక్కడ మీతో నాకు పేచీ లేదు. ఇంట్లో ఉన్నదాన్ని పారేయాలా అన్నదే ఇక్కడి ప్రశ్న.

చెరువుగట్టు:
అమ్మాయి చేరింది బీఎస్సీ కంప్యూటర్స్‌లో. మొదటి సెమిస్టర్‌లోనే సీ ఉందట. తెలుగు టైపింగ్ సంగతి ఒక్కటి చెప్పండి, ఆదివారం కూర్చుంటాను.

రాత్రిబడి:
లినక్స్‌లో భాషలు టైపు చేయించే ఐబస్, దానితోపాటు ఎం17ఎన్ ప్యాకేజీలు వేసుకుంటే, భారతీయ భాషలకు ప్రామాణికమైన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డూ, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే ఆర్‌టీఎస్ పద్ధతీ రెండూ వస్తాయి. విండోస్‌ను తుడిచేసే ముందు ఫొటోలు ఏమైనా ఉంటే తీసి పెట్టుకోండి, స్పీకర్ సంగతి మీ ఆవిడకు ముందే చెప్పండి.