ప్రతి వస్తువుకీ సెన్సరు, ప్రతి సెన్సరుకీ లొకేషన్: మంచిదేనా?

ప్రశ్నలపుట్ట: నీళ్ల మీటరు, వీధి దీపం, చెత్తకుండీ, చేతి వాచీ... అన్నిట్లోనూ సెన్సరు వస్తోంది, ప్రతిదీ తానెక్కడుందో కూడా చెబుతోంది. యూరప్ వాళ్ల జీపీఎస్ లాంటి గెలీలియో ఉపగ్రహాల వాళ్లయితే 2023 జనవరిలో మీటరు కంటే తక్కువ తేడాతో చోటు చెప్పే సేవ ఉచితంగానే మొదలుపెట్టారు. ఇదంతా ఎటు పోతోందంటారు?

మ్యాప్‌పిచ్చోడు: మంచికే పోతోంది. నిఘా నిఘా అని ఎవరో మొదలుపెట్టేలోపే ఒకటి చెప్తాను, జీపీఎస్ మనల్ని చూడదు. 20,200 కిలోమీటర్ల పైనుంచి ఉపగ్రహం తన టైమూ తన చోటూ చెబుతూ తిరుగుతుంది, అంతే. వినేది మన ఫోను. నాలుగు ఉపగ్రహాలు వినబడితే లెక్క తేలుతుంది. అమెరికా సిగ్నల్‌లో కావాలని కలిపిన తప్పును 2000 మేలో తీసేసేదాకా 100 మీటర్ల దాకా తేడా ఉండేది, ఇప్పుడు ఆరుబయట మామూలు ఫోనుకే దాదాపు 5 మీటర్లు. భూమిలో పైపు ఎక్కడ కారుతోందో సెన్సరు చెప్తే వీధంతా తవ్వక్కర్లేదు. దీనికి అడ్డు చెప్పేవాళ్లు ఉంటారా?

లిఫ్ట్‌మెకానిక్: ఉపగ్రహం మనల్ని చూడదు సరే, మరి మా ఆఫీసు ఎలా చూసింది సార్? పోయిన నెల లిఫ్టు గుంతలో దిగి మూడు గంటలు పనిచేశాను. హాజరు యాప్‌లో నా చుక్క పక్క వీధిలో ఉంది. "సైట్‌లో లేరు" అని సగం రోజు జీతం కోశారు. బిల్డింగ్ వాళ్ల సంతకం చూపించినా వినలేదు.

మ్యాప్‌పిచ్చోడు: అది జీపీఎస్ తప్పు కాదండీ. కాంక్రీటు కింద ఉపగ్రహం వినబడదు, ఫోను వైఫైనో టవర్‌నో పట్టుకుని అంచనా వేసింది. రెండూ వేరు.

లిఫ్ట్‌మెకానిక్: జీతం మాత్రం ఒకటే కదా, అదే పోయింది.

ఊరికేచూసేవాడు: ఉపగ్రహం గడియారం మన గడియారం కంటే రోజుకి 38 మైక్రోసెకన్లు ముందుకెళ్తుంది. ఆ లెక్క సరిచేయకపోతే అందరం పక్క వీధిలోనే ఉంటాం 😀

గొలుసుకొలత: పనికొచ్చే సంగతి ఇంకొకటి ఉంది. ఆండ్రాయిడ్ ఫోను చోటు చెప్పినప్పుడల్లా చుట్టూ ఎన్ని మీటర్ల తేడా ఉండొచ్చో కూడా చెబుతుంది. అదీ 68 శాతం నమ్మకంతోనే. అంటే ఇంచుమించు మూడుసార్లలో ఒకసారి మనిషి ఆ వృత్తం బయట ఉన్నా ఫోను అబద్ధమాడినట్టు కాదు. నేను సర్వే పనిలో ముసలివాణ్ణయ్యాను, తేడా రాయకుండా కొలత రాస్తే మా పెద్దాయన ఫీల్డు బుక్కు మొహాన కొట్టేవారు.

మ్యాప్‌పిచ్చోడు: ఖచ్చితత్వం పెరుగుతోందనే కదా నేనూ చెప్పేది! ఉపగ్రహాలు పంపే ఎల్5 అనే రెండో సిగ్నల్ కూడా వినే ఫోన్లు వచ్చాయి, ఎత్తైన బిల్డింగుల మధ్య గోడలకు కొట్టుకుని వచ్చే సిగ్నల్‌ని అవి బాగా విడదీస్తాయి. ఇక డేటా అంటారా, పేర్లు తీసేసి వాడుకోవచ్చు.

ప్రశ్నలపుట్ట: పేర్లు తీసేస్తే చాలదండీ. 2013లో 15 లక్షల మంది ఫోన్ల డేటా మీద ఒక అధ్యయనం వచ్చింది, ఎక్కడ, ఎప్పుడు అన్న నాలుగు వివరాలు తెలిస్తే చాలు, 95 శాతం మందిని మిగతావాళ్లనుంచి విడిగా గుర్తుపట్టొచ్చని తేలింది.

మ్యాప్‌పిచ్చోడు: మళ్లీ నిఘా! ఒక్క మాట అడుగుతా, లొకేషన్ ఆపేసి ఇంట్లో పడుకునేవాళ్లు లేకపోతే ఈ హాజరు యాప్‌లు పుట్టేవా?

లిఫ్ట్‌మెకానిక్: ఎవర్ని అంటున్నారు సార్? చేతులకి గ్రీజు పూసుకుని గుంతలో కూర్చున్నవాణ్ణి పడుకున్నాడంటారా? మీరెప్పుడైనా దిగారా అందులోకి?

మ్యాప్‌పిచ్చోడు: దిగలేదు. కానీ అలాంటి యాప్ రాశాను. అందుకే తెలుసు, రోజూ ఎంతమంది మోసం చేస్తారో.

గొలుసుకొలత: అయితే చెప్పండి. ఫోను ఇచ్చిన తేడా అంకెను మీ యాప్ ఏం చేస్తుంది?

మ్యాప్‌పిచ్చోడు: (రెండు గంటల తర్వాత) భద్రపరచం. అక్షాంశం, రేఖాంశం, టైము మాత్రమే ఉంచుతాం. తేడా చూపిస్తే ప్రతివాడూ రోజూ గొడవకొస్తాడని పైవాళ్లు వద్దన్నారు. నాకూ అది సబబే అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తోంది. ప్రతి చుక్క మీదా పంచాయితీ పెడితే ఇక ఆ సిస్టం ఎందుకు?

లిఫ్ట్‌మెకానిక్: అదీ సంగతి. ఇందాకటి నుంచీ మీటర్లూ సెంటీమీటర్లూ అంటున్నారు. నా గొడవ మీటర్లతో కాదు సార్. నేను మాట్లాడితే రుజువు కావాలి, చుక్కకి అక్కర్లేదు. ఆ చుక్క తప్పని చూపించగలిగే ఒక్క అంకెనూ మీరే చెరిపేశారు.

మ్యాప్‌పిచ్చోడు: చెరపలేదు, భద్రపరచలేదు అంతే. రెండూ వేరు.

ఊరికేచూసేవాడు: మళ్లీ "రెండూ వేరు" 😀

గొలుసుకొలత: ఆ తేడా అంకెకి ఒక కాలమ్ పెట్టడానికి ఎంత పని?

మ్యాప్‌పిచ్చోడు: ఒక పూట. పెట్టమని ఎవరైనా చెప్పాలి కదా.

ప్రశ్నలపుట్ట: నేను అడిగింది చెత్తకుండీల గురించి కూడానండీ...