రగ్బీలో ‘ట్రై’ని తెలుగులో ఏమనాలి?

ఐర్లండ్‌లోని కొనాక్ట్ ప్రాంతీయ జట్టు 2015-16లో తన మొదటి పెద్ద ట్రోఫీ అయిన ప్రో12 రగ్బీ లీగ్‌ను గెలిచిన తీరు గురించి ఒక ఆటగాడు చెప్పిన జ్ఞాపకాలను తెలుగులోకి అనువదిస్తున్నాను. 2016 మే 28న ఎడిన్‌బరోలోని మర్రేఫీల్డ్‌లో, ఎవరూ పెద్దగా ఆశ పెట్టుకోని ఆ జట్టు లెన్‌స్టర్‌ను 20-10తో ఓడించిన ఫైనల్ దగ్గర పని ఆగిపోయింది. రగ్బీలో బంతిని ప్రత్యర్థి గీత దాటించి నేలకు ఆనించి 5 పాయింట్లు సాధించడాన్ని ‘ట్రై’ అంటారు. కొనాక్ట్ ఆటగాళ్లు ఓహలరన్, అడియోలోకున్, హీలీ సాధించిన మూడు ‘ట్రై’లను మొదట ‘ప్రయత్నాలు’ అని రాస్తే, చదివిన మిత్రులిద్దరూ అవి విఫలయత్నాలనుకున్నారు. ‘గోల్’ అంటే ఫుట్‌బాల్ అయిపోయింది (పైగా రగ్బీలో పెనాల్టీ గోల్ వేరే ఉంది). ‘ట్రై’ అనే ఉంచితే అసలు అర్థం కాలేదన్నారు. ఈ భావాన్ని, ప్రతిసారీ వివరించనక్కరలేకుండా చెప్పగల తెలుగు మాట ఏది?