మా పాత పటేల్ ఇంటిని మ్యూజియం చేయొచ్చా?

దేవరకొండ_తమ్మి:
మాది దేవరకొండ దిక్కు పల్లె. మా ముత్తాత మాలి పటేల్. నడుమ వాకిలి, చుట్టూ వసారాలు, టేకు దూలాలు ఉన్న ఇల్లు పదేండ్లుగా తాళం వేసే ఉంది. కూలగొట్టి ప్లాట్లు చేద్దామని చిన్నాయనలు అంటున్నరు, నాకేమో మానికలు, కుంచాలు, ఉర్దూ కాయితాల కట్టలు పెట్టి ఊరి మ్యూజియం చేయాలని ఉంది. గోడల పెచ్చులు ఊడుతున్నయి, ముందు సిమెంట్ వేయించాల్నా?

సున్నం_మేస్త్రి:
సిమెంట్ జోలికి అస్సలు పోవద్దు తమ్మీ. అది డంగు సున్నం (గానుగల నూరిన సున్నం) గోడ, చెమ్మ పీల్చుకుంటది, వదులుతది. పైన సిమెంట్ పూస్తే చెమ్మ లోపలే ఉండిపోయి, రెండు మూడు వానాకాలాలకు పూత పలకలు పలకలుగా రాలి, గోడలోకి పోయిన దూలం కొసలు కూడా పుచ్చుతయి. ముందు పైకప్పు కారడం ఆపు, తర్వాత సున్నంతోనే అతుకులు వేయించు. కరక్కాయ, బెల్లం నీళ్లు కలిపే పాత మేస్త్రీలు ఇంకా దొరుకుతరు, కాకపోతే కూలి ఎక్కువ.

భువనగిరి_అక్క:
ఇల్లు నిలబెట్టడం సరే, అందులో ఎవరి కథ చెప్తవు? మాలి పటేల్ అంటే శిస్తు వసూలు చేసేటాయన, శాంతిభద్రతలు చూసే పోలీస్ పటేల్, భూమి లెక్కలు రాసే పట్వారీలతో కలిపి ఊరంతా ఆ ముగ్గురి చేతులనే ఉండేది, 1984లో రద్దయ్యే దాకా. నల్గొండ జిల్లాల వెట్టి సంగతి రాయకుండా తాత ఫొటోకు దండేసి, తల్వార్ వేలాడదీస్తే అది మీ ఇంటి ఆల్బమే అయితది. పోచంపల్లినే చూడు, 1951 ఏప్రిల్ 18న వెదిరె రామచంద్రారెడ్డి భూదానంల నూరెకరాలు ఇచ్చిండని అందరికీ యాదికుంది, భూదానం నడిపిన వినోబా భావేను 80 ఎకరాలు అడిగిన 40 దళిత కుటుంబాల పేర్లు ఎంతమందికి తెలుసు? మీ ఇంట్ల వడ్లు దంచినోళ్ల, నీళ్లు మోసినోళ్ల మనుమలు ఊళ్లనే ఉంటరు, ముందు వాళ్ల దగ్గర కూర్చొని రికార్డ్ చేసుకో.

పాత_కాయితం:
అక్క మాటే నాది కూడా. ఇంకొకటి, ఆ ఉర్దూ కట్టలు పహాణీలో (ఏ భూమి ఎవరి సాగుల ఉందో రాసే రికార్డులు), శిస్తు లెక్కలో అయితే ఎవరి భూమి ఎట్ల చేతులు మారిందో అందులోనే దొరుకుతది. లామినేషన్ చేయించకు, ఎండలో ఆరబెట్టకు. పాత రాతి, కంచు విగ్రహాలు ఏమన్న ఉంటే నూరేండ్లు దాటినవి 1972 పురావస్తువుల చట్టం కింద రిజిస్టర్ చేయించాలి.

దేవరకొండ_తమ్మి:
అక్కా, మా చిన్నాయనలకు ఈ మాట చెప్తే ఇల్లు రేపే కూలగొడ్తరు. అయినా అడుగుత. సిమెంట్ ఆపేసిన. నల్గొండల చేతిరాత ఉర్దూ చదివే సార్ ఎవరన్న తెలిస్తే మెసేజ్ పెట్టండి.