ఆటిజం పిల్లల అమ్మలు ఎవరైనా తమ కోసం డాక్టర్ దగ్గరికి వెళ్లారా?

హనుమకొండ అమ్మ:
బాబుకు ఆరేళ్లు, ఆటిజం. మాటలు ఇంకా రాలేదు. ఇదివరకు థెరపీల గురించి అడిగేదాన్ని, ఈసారి నా సంగతి అడుగుతున్నా.

రెండేళ్లుగా నిద్ర సరిగ్గా లేదు. వాడు రాత్రి రెండింటికి లేస్తే తెల్లారేదాకా ఇల్లంతా తిరుగుతాడు. గొళ్లెం తీసి బయటికి పోతాడేమోనని గడప దగ్గరే చాప వేసుకొని పడుకుంటా. ఇప్పుడు వాడు పడుకున్న రాత్రి కూడా నాకు నిద్ర రావడం లేదు. కుక్కర్ విజిల్‌కు వాడు మణికట్టు కొరుక్కుంటాడు, అందుకే గిన్నెలో వండి గంజి వారుస్తా. మొన్న అన్నం పొంగి స్టవ్ ఆరిపోయింది. అంతే, అక్కడే కూలబడి గంటసేపు ఏడ్చాను.

పోయిన సద్దుల బతుకమ్మకు పద్మాక్షి గుట్టకు తీసుకెళ్లాను. స్పీకర్ల మోతకు వాడు కింద పడి తల కొట్టుకున్నాడు. పక్కనున్న ఒకామె "ఫోన్ చేతికిచ్చి పెంచితే ఇట్లనే అయితరు" అన్నది. బతుకమ్మను నీళ్లలో వేయకుండానే ఆటోలో ఇంటికి తెచ్చాను. మూడు రోజులు దేవుడి గదిలోనే ఉంది. గునుగు పువ్వు రాలి నేలంతా పడింది. ఊడ్వడానికి చేతులు రాలేదు.

అత్తమ్మ మంచిదే, కానీ "కొడుకున్న తల్లివి, నీకేం రంది" అంటుంది. ఆయన డ్యూటీ నుంచి వచ్చేసరికి రాత్రి తొమ్మిది. ఈ మధ్య బాబు మీద చెయ్యి లేస్తోంది, అదే భయం. డాక్టర్ నిద్రమాత్ర ఇస్తే, రాత్రి వాడు లేచినప్పుడు నాకు సోయి ఉంటుందా? వాడినవాళ్లు చెప్పండి.

కరీంనగర్ అక్క:
చెల్లె, మా పాపకు పదిహేనేళ్లు. నేను మందులు వాడాను. నిద్రమాత్రలే ఇస్తారనుకొని ఏడాది వాయిదా వేశాను. తీరా వెళ్తే డాక్టరమ్మ థైరాయిడ్ పరీక్ష చేయించి, డిప్రెషన్ అని చెప్పి దానికి మందు రాసింది. రాత్రి మెలకువ రావాలని ముందే చెప్పాను కాబట్టి పొద్దున వేసుకునేది ఇచ్చింది. రెండు మూడు వారాలు వికారం తప్ప ఏ తేడా లేదు. నెల దాటాక ఒకరోజు చాయ్ రుచి తెలిసింది. అప్పటిదాకా ఏం తాగుతున్నానో కూడా తెలియలేదు. బాగుందని నా అంతట నేనే మానేసి మళ్లీ మంచం పట్టాను, నువ్వు ఆ పని చేయకు. చెయ్యి లేస్తోందన్నది కూడా డాక్టర్‌కు దాచకుండా చెప్పు. నాకూ లేచేది.

బతుకమ్మ కాడ ఆ ఆడామె ఫోన్ గురించి అన్న మాటకు మనాది పెట్టుకోకు. ఒకప్పుడు అమెరికాలో పెద్ద డాక్టర్లే తల్లికి ప్రేమ లేక పిల్లలు ఇట్లయ్యారని "రిఫ్రిజిరేటర్ తల్లులు" అని పేరు పెట్టారు. అది తప్పని 1964లో వాదించిన అమెరికా సైకాలజిస్ట్ బెర్నార్డ్ రిమ్లాండ్ కొడుక్కీ ఆటిజమే. ఇప్పుడు వైద్యం తల్లిని తప్పుపట్టదు.

మంచిర్యాల నాన్న:
మీ ఆయన కోసం రాస్తున్నానమ్మా. నాది సింగరేణిలో షిఫ్టు డ్యూటీ. మా ఆమె ఊరికే కోపం చేస్తుందనుకునేవాడిని. ఆమె డెంగీతో ఐదు రోజులు దవాఖానలో ఉంటే బాబును నేనే చూశాను. మూడో రోజు బాత్రూమ్‌లో నల్లా తిప్పి ఏడ్చాను. ఇప్పుడు వారంలో రెండు రాత్రులు నావి. ఆమె వేరే గదిలో తలుపేసుకొని పడుకుంటుంది. డబ్బు టెన్షన్ ఉంటే ఒక మాట: 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది, సర్టిఫికెట్ తీసుకోండి. దాంతో కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వాళ్ల నిరామయ ఆరోగ్య ఇన్సూరెన్స్‌కు దరఖాస్తు చేయొచ్చు. లక్ష రూపాయల దాకా వైద్య ఖర్చు ఇస్తారు, అందులో థెరపీకి కూడా కొంత ఇస్తారు.

వరంగల్ నర్సు:
రాత్రి రెండింటికి ఎవరూ లేరనిపిస్తే 14416కు ఫోన్ చేయండి. టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ప్రభుత్వానిదే, ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. చెయ్యి లేస్తున్నప్పుడైనా, బతకాలని లేదనిపించినా ఆ రాత్రే చేయండి, తెల్లారేదాకా ఆగొద్దు. బాబు నిద్ర సంగతి వాడి డాక్టర్‌కు విడిగా చెప్పండి. ఆటిజం పిల్లల్లో ఇది చాలా మందికి ఉంటుంది, దానికీ వైద్యం ఉంది. వాడు పడుకోకపోతే మీరెట్లా పడుకుంటారు?

హనుమకొండ అమ్మ:
ఆయనకు అన్నీ చదివి వినిపించాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. శనివారం సెలవు పెడతానన్నాడు, నేను డాక్టర్ దగ్గరికి వెళ్తున్నా. ఇంతవరకు ఆయన ఒక్కడే బాబును పూటంతా చూసింది లేదు. అందుకే కాగితం మీద రాసిస్తున్నా. నీళ్లు పచ్చ కప్పులోనే తాగుతాడు. అరటిపండు విరిస్తే ముట్టడు. ఏడిస్తే మాట్లాడొద్దు, భుజాల మీద దుప్పటి కప్పి పక్కన కూర్చోవాలి. రెండు పేజీలయింది, ఇంకా పొద్దుటి సంగతులే రాస్తున్నా.