కాలేజీ ట్రైనింగ్ బైకులు వేలానికి వచ్చాయి, కొనొచ్చా?

కొలంబస్ కుర్రాడు:
అందరికీ నమస్తే. ఎమ్మెస్‌ఎఫ్ (మోటార్‌సైకిల్ సేఫ్టీ ఫౌండేషన్) వాళ్ల బేసిక్ రైడర్ కోర్సు పాసయ్యాను, ఇక బండి కావాలి. మా దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీ వాళ్లు ట్రైనింగ్ బైకుల్ని గవ్‌డీల్స్‌లో (ప్రభుత్వ సంస్థల పాత సామాను అమ్మే సైటు) వేలానికి పెట్టారు. హోండా రెబెల్ 250లు కొన్ని, సుజుకి టీయూ250ఎక్స్ ఒకటి, యమహా టీడబ్ల్యూ200 ఒకటి. మీటర్లో అన్నీ వెయ్యి మైళ్ల లోపే. ఫొటోల్లో గీతలు తప్ప పెద్ద దెబ్బలేం కనపడట్లేదు. మా ఆవిడేమో "వందమంది పడేసిన బండి మనకెందుకు" అంటోంది. ఇలాంటివి కొన్నవాళ్లెవరైనా ఉన్నారా?

రెండో గేరు:
తమ్ముడూ, మీ ఆవిడ మాటలో నిజం ఉంది, కానీ భయపడాల్సింది పడటం గురించి కాదు. ట్రైనింగ్ బండి పడేది దాదాపు ఆగిపోయే వేగంలో. లివర్ విరుగుతుంది, ఇండికేటర్ పోతుంది, హ్యాండిల్ కాస్త వంగుతుంది. ఇవన్నీ ఇంట్లో మార్చుకునేవే.

అసలు సంగతి మీటర్‌ది. ట్రైనింగ్ ఇచ్చే పార్కింగ్ లాట్‌లో బండి గంటల తరబడి స్టార్ట్‌లోనే ఉంటుంది, తిరిగేది మాత్రం ఫస్ట్, సెకండ్ గేర్లలోనే. గాలికి చల్లబడే ఇంజిన్, ఎండలో తారు మీద నిలబడి పనిచేస్తుంటుంది. కాబట్టి వెయ్యి మైళ్లు చూసి కొత్త బండి అనుకోవద్దు.

క్లచ్ సంగతి ఇంకా ఎక్కువ. కోర్సులో మీకు ముందుగా చేయించిందేమిటి? క్లచ్ సగం వదిలి బండిని ముందుకూ వెనక్కూ ఊపడమే కదా. అక్కడ నేర్చుకున్న ప్రతి ఒక్కరూ ఆ ప్లేట్ల మీదే నేర్చుకున్నారు. చూడ్డానికి వెళ్లినప్పుడు లివర్‌ని వేలితో కదిపి చూడండి. కొద్దిగా కూడా ఫ్రీ ప్లే (క్లచ్ పట్టేలోపు లివర్ వదులుగా కదిలే దూరం) లేకపోతే ప్లేట్ల మీద అనుమానం పెట్టుకోండి. ప్లేట్లు, స్ప్రింగులు, కేబుల్, గాస్కెట్ ఖర్చు ముందే లెక్కలో వేసుకుని పాడండి.

ఇంకో చోట టార్చ్ వేసి చూడండి. బండి ఎడమవైపు పడితే గేర్ లివర్ లోపలికి వంగి ఇంజిన్ కవర్‌ని పొడుస్తుంది. అక్కడ సన్నటి పగులు, దాని చుట్టూ నూనెకు అంటుకున్న దుమ్ము కనపడితే ఆ బండి వదిలేయండి. ముందు చక్రం తిన్నగా ఉండి హ్యాండిల్ మాత్రం ఓ పక్కకు ఉంటే కంగారొద్దు, చాలాసార్లు ఫోర్కులు (ముందు చక్రాన్ని పట్టుకునే రెండు గొట్టాలు) క్లాంపుల్లో మెలి తిరిగి ఉంటాయంతే. బోల్టులు వదులు చేసి సరిచేసుకోవచ్చు.

డల్లాస్ బావ:
క్లచ్చులూ ఫోర్కులూ తర్వాత, ముందు కాగితాలు చూడు బ్రో. ఈ బళ్లలో కొన్ని ఎప్పుడూ రోడ్డెక్కవు కాబట్టి వాటికి నంబర్ ప్లేటే ఉండదు. వేలం వివరాల్లో టైటిల్ (బండి యాజమాన్య పత్రం) ఇస్తారా, కంపెనీ ఇచ్చిన ఆరిజిన్ సర్టిఫికెట్ ఇస్తారా, ఉత్త బిల్ ఆఫ్ సేల్ (అమ్మినట్టు రసీదు) మాత్రమేనా, అక్షరం అక్షరం చదువు. ఆఖరిదైతే డీఎంవీ (బళ్ల రిజిస్ట్రేషన్ ఆఫీసు) చుట్టూ తిరగాలి. మా టెక్సాస్‌లో బాండెడ్ టైటిల్ (హామీ బాండు ఇచ్చి తెచ్చుకునేది) దారి ఉంది, మీ రాష్ట్రంలో ఏముందో పాడే ముందే ఫోన్ చేసి కనుక్కో. "పార్ట్స్ ఓన్లీ" (విడిభాగాలకే) అని ఉంటే ఎంత చవకైనా అటు చూడకు. ఫెడరల్ ప్రభుత్వ సంస్థ జీఎస్‌ఏ పెట్టే వేలంలో కొంటే ఎస్‌ఎఫ్-97 అనే ఫారం ఇస్తారు, దాని మీద టైటిల్ తెచ్చుకోవచ్చు.

గ్యారేజీ అక్క:
నా రెబెల్ ఇలాంటి వేలంలోదే. సెల్ఫ్ తిరిగేది, ఇంజిన్ అందుకునేది కాదు. చలికాలమంతా పెట్రోలుతోనే షెడ్డులో పెట్టేశారు మరి. కార్బురేటర్ విప్పితే పైలట్ జెట్ (తక్కువ వేగంలో పెట్రోలు అందించే చిన్న గొట్టం) రంధ్రం పూర్తిగా మూసుకుపోయి ఉంది. శుభ్రం చేసి, కొత్త బ్యాటరీ వేశాక మొదటి నొక్కుకే స్టార్టయింది. రెబెల్ 250కి ఒక్కటే కార్బురేటర్, పని తేలిక. 2016 దాకా ఇంజిన్ పెద్దగా మారలేదు కాబట్టి పార్టులకి కొదవ లేదు. ఈ తలనొప్పే వద్దనుకుంటే టీయూ250ఎక్స్ చూడు, అది ఫ్యూయల్ ఇంజెక్షన్. అందుకే దానికి పోటీ కూడా ఎక్కువ.

టైర్లలో గాడి బాగుందని మురిసిపోకు. పక్కన చివరి నాలుగంకెలు చూడు. 2314 అని ఉంటే 2014లో 23వ వారంలో చేసిందని అర్థం. గట్టిపడిపోయిన టైరుతో వానలో బ్రేకు వేస్తే తెలుస్తుంది.

ఉప్పల్ నుంచి:
మీ పని బాగుంది. ఇక్కడ ఎమ్మెస్‌టీసీ అనే కేంద్ర ప్రభుత్వ కంపెనీ ఈ-వేలాల్లో ప్రభుత్వ బళ్లు వస్తాయి కానీ, 2023 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్లు దాటిన సర్కారు బండికి రిజిస్ట్రేషన్ ఉండదు. కొన్ని మినహాయింపులు తప్ప తుక్కుకే. పోలీసులు దిక్కులేని బళ్లని వేలం వేసినప్పుడు వెళ్లి చూస్తే సగం తుక్కు వ్యాపారులే ఉంటారు.

కొలంబస్ కుర్రాడు:
అక్కా, రెబెల్‌తో హైవే ఎక్కొచ్చా? ఆఫీసుకి ఇంటర్‌స్టేట్ మీద వెళ్లాలి.

గ్యారేజీ అక్క:
ఎక్కొచ్చు, కానీ సుఖం ఉండదు. 234 సీసీ బండి అది. 65 మైళ్ల వేగం దగ్గర ఇంజిన్ అరుస్తుంటుంది, పక్కన ట్రక్కు దాటితే బండి మొత్తం ఊగుతుంది. ఊళ్లో తిరగడానికి దీన్ని మించింది లేదు. రోజూ ఇంటర్‌స్టేట్ అయితే మాత్రం వేరే బండి చూసుకో.

రెండో గేరు:
టీడబ్ల్యూ200 గురించీ అదే మాట. లావు టైర్లతో మట్టి రోడ్ల మీద ముద్దొస్తుంది, హైవేకి పనికిరాదు.

డల్లాస్ బావ:
పాటకి కూర్చునే ముందు కాగితం మీద నీ గరిష్ఠ ధర రాసిపెట్టుకో. ఆఖరి నిమిషంలో ఎవరైనా పాడితే టైమ్ పొడిగిస్తారు, అక్కడే జనానికి పూనకం వస్తుంది. పాడిన ధర మీద బయ్యర్స్ ప్రీమియం (వేలం సైటు కొనేవాళ్ల దగ్గర తీసుకునే రుసుము) వేరే, పన్ను వేరే. డబ్బు కట్టడానికీ, బండి తీసుకెళ్లడానికీ గడువు ఉంటుంది, దాటితే ఇబ్బంది. "ఉన్నది ఉన్నట్టు" అమ్మకం కాబట్టి తర్వాత గొడవ పెట్టుకున్నా లాభం లేదు.

కొలంబస్ కుర్రాడు:
కాలేజీకి ఫోన్ చేశాను. టీడబ్ల్యూకి బిల్ ఆఫ్ సేల్ మాత్రమేనట, రెబెల్స్‌కి టైటిళ్లు చేతిలో ఉన్నాయట. గురువారం చూడనిస్తారు, స్టార్ట్ చేయనిస్తారు కానీ నడపనివ్వరు. ఆఫీసు సంగతి కారు చూసుకుంటుంది, ఊళ్లో తిరగడానికే కొంటాను. బండి తేవడానికి పికప్ లేదు, ఏం చేయాలి?

రెండో గేరు:
యూహాల్ అనే కంపెనీలో మోటార్‌సైకిల్ ట్రెయిలర్ అద్దెకిస్తారు, చక్రం నిలబెట్టే చాక్ దానికే ఉంటుంది. నీ కారుకి హిచ్ (ట్రెయిలర్ తగిలించే కొక్కెం) ఉందో లేదో చూసుకో. స్ట్రాప్స్ మాత్రం మంచివి కొను, హ్యాండిల్‌కి కాకుండా కింది ట్రిపుల్ క్లాంప్‌కి (ఫోర్కుల్ని పట్టుకునే దిమ్మ) కట్టు. గురువారం వెళ్లినప్పుడు వాళ్లు ముందే ఇంజిన్ వేడి చేసి ఉంచారేమో చెయ్యి పెట్టి చూడు. చల్లగా ఉన్నప్పుడు ఎలా స్టార్టవుతుందో నువ్వే చూడాలి.